కైజి మాంగా: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు, జవాబులు

మా వాట్సాప్ గ్రూపులో కొత్తగా ఎవరు చేరినా వారం తిరిగేలోపు అవే ప్రశ్నలు అడుగుతారు. వాటికి ముక్కలు ముక్కలుగా జవాబులు చెప్పి చెప్పి విసుగొచ్చి, అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. కథలోని మలుపు బయటపడే జవాబుల మొదట్లోనే ఆ మాట చెప్పాను.

## మొదలుపెట్టేముందు

అసలు కైజి అంటే ఏంటి? రెండు ముక్కల్లో చెప్పండి.

ఫుకుమోతో నొబుయుకి రాసి, బొమ్మలు గీసిన జపనీస్ మాంగా, అంటే బొమ్మల కథ. 1996లో కోడాన్షా వాళ్ల వీక్లీ యంగ్ మ్యాగజైన్‌లో మొదలైంది. 1998లో కోడాన్షా మాంగా అవార్డు వచ్చింది. పనీపాటా లేకుండా, ఖరీదైన కార్ల మీద అక్కసు తీర్చుకుంటూ తిరిగే ఇతో కైజి అనే కుర్రాడు ఒకరి అప్పుకు జామీను పడి ఇరుక్కుంటాడు. అది తీర్చడానికి తేయ్‌ఐ అనే వడ్డీవ్యాపార సంస్థ పెట్టే ఆటల్లోకి దిగుతాడు. అందరూ దీన్ని జూదం కథ అంటారు. నా మటుకు ఇది అప్పు కథ. జూదం అప్పువాడికి చూపించే తలుపు మాత్రమే.

నాకు పేకాట కూడా రాదు. ఇది అర్థమవుతుందా?

హాయిగా అర్థమవుతుంది. మొదటి భాగంలోని ఆటలు చాలావరకు రచయిత సొంతంగా కల్పించినవి, లేదా చిన్నపిల్లల ఆటలకు కొత్త నియమాలు తగిలించినవి. రాయి-కాగితం-కత్తెర తెలిస్తే మొదటి ఆట సగం తెలిసినట్టే. నియమాలు కథలోనే నిదానంగా వివరిస్తారు. కొన్నిసార్లు మరీ నిదానంగా.

బొమ్మలు అలా ఉన్నాయేంటి? ఆ ముక్కులు చూస్తే చదవబుద్ధి కావట్లేదు.

ఈ మాట అనని కొత్త పాఠకుణ్ని నేను చూడలేదు. త్రికోణంలా పొడుచుకొచ్చే ముక్కులు, కోసుగా దిగే గడ్డాలు, వానలా కారే కన్నీళ్లు. అందమైన బొమ్మలు కావు, ఒప్పుకుంటాను. కానీ ఓ యాభై పేజీలు ఓపిక పట్టండి. ఎదుటివాడు వేసిన కార్డు తిరగబడే క్షణంలో కైజి ముఖం కరిగిపోతున్నట్టు, నేల వంగిపోతున్నట్టు గీస్తాడు. నున్నని అందమైన గీతతో ఆ భయం రాదు.

పేజీల నిండా "జవ... జవ..." అని ఉంటుంది. అదేంటి?

జనం గుంపులో పుట్టే కలకలానికి జపనీస్‌లో వాడే ధ్వన్యనుకరణ పదం. మన గుసగుస, కలకలం లాంటిది. ఫుకుమోతో దాన్ని మనసులోని అలజడికి కూడా వాడతాడు. గదిలో ఇద్దరే ఉన్నా, ఒక్కడే ఉన్నా ఆ అక్షరాలు గాలిలో తేలుతుంటాయి. టెన్షన్ పెరుగుతోందని గుర్తు. జపాన్‌లో ఇది ఎంత పాకిందంటే, ఆ రెండక్షరాలు చూస్తే చాలు, మాంగా చదవనివాళ్లు కూడా కైజిని గుర్తుపడతారు.

మొత్తం ఎన్ని భాగాలు? ఏ వరుసలో చదవాలి?

వచ్చిన వరుసలోనే చదవండి. మొదటి భాగం (1996–99), రెండో భాగం, మూడో భాగం ఒక్కొక్కటి 13 సంపుటాలు. నాలుగోది కజుయా భాగం, 10 సంపుటాలు. ఐదోది వన్ పోకర్ భాగం, 16 సంపుటాలు. ఆరోది 2017లో మొదలైన 24 ఒకుల భాగం. ఈ 24 దగ్గర చాలామంది పొరబడతారు. జపనీస్‌లో లెక్క "ఒకు"లలో ఉంటుంది, ఒక ఒకు మన పది కోట్లు. అంటే మన లెక్కలో అది 240 కోట్ల యెన్లు.

తీరిక తక్కువైతే మొదటి రెండు భాగాలు, అంటే 26 సంపుటాలు చదివి ఆగినా కథ తృప్తిగానే ఉంటుంది. ఇంగ్లీషు ముద్రణను 2019 నుంచి డెన్పా అనే ప్రచురణ సంస్థ లావుపాటి సంపుటాలుగా తెస్తోంది.

అనిమే చూస్తే చాలదా?

అనిమే అంటే జపనీస్ యానిమేషన్ సిరీస్. మొదటి రెండు భాగాల వరకు అది చాలు. మ్యాడ్‌హౌస్ స్టూడియో 2007లో ఒకటి, 2011లో ఒకటి తీసింది, ఒక్కొక్కటి 26 ఎపిసోడ్లు. అవి వరుసగా మొదటి భాగం, రెండో భాగం. ఆ తర్వాతి కథ కావాలంటే మాంగాయే దిక్కు. అనిమేలో వ్యాఖ్యాత గొంతు ఒక పాత్రలా ఉంటుంది. కైజి చెమట తుడుచుకున్నా అదేదో కురుక్షేత్రం అన్నట్టు చెబుతాడు. కొందరికి అదే పిచ్చి ఇష్టం, కొందరికి తలనొప్పి.

పదో తరగతి పిల్లాడికి ఇవ్వొచ్చా?

నేనైతే ఇవ్వను. శృంగారం లేదు గానీ, శరీరానికి జరిగే హింస ఉంది. వేళ్లు, చెవులు పందెంగా పెడతారు, మనుషులు చనిపోతారు. ఇది పెద్దల పత్రికలో వచ్చిన కథ. ఇంటర్ దాటాక చదవొచ్చు.

## అప్పు, ఓడ: మొదటి భాగం తొలి సగం

అప్పు తీసుకున్నది ఇంకొకడైతే కైజి ఎందుకు కట్టాలి?

సంతకం పెట్టాడు కాబట్టి. పాత పార్ట్‌టైం ఉద్యోగంలో తెలిసిన ఫురుహాతా అనేవాడికి జామీను ఉన్నాడు. ఆ మనిషి మాయమయ్యాడు. జపాన్ చట్టంలో ఉమ్మడి జామీనుదారు అంటే, అప్పిచ్చినవాడు అసలు మనిషి కోసం వెతకకుండానే నేరుగా వచ్చి తలుపు తట్టొచ్చు. మనకు ఇది వింతేం కాదు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ కూడా, వేరే ఒప్పందం లేకపోతే షూరిటీ బాధ్యత అప్పుతీసుకున్నవాడి బాధ్యతతో సమానమనే అంటుంది. చిట్టీ పాడిన స్నేహితుడికి షూరిటీ సంతకం పెట్టి, తర్వాత జీతంలోంచి కట్టినవాళ్లు మనలో ఎంతమంది లేరు! ఈ మాంగా తెలుగువాళ్లకు తొందరగా ఎక్కడానికి ఆ మొదటి అధ్యాయమే కారణమని నా అనుమానం.

3 లక్షల యెన్ల అప్పు 38.5 లక్షలు ఎలా అయింది? రచయిత లెక్క తప్పాడా?

తప్పలేదు, నేను కాలిక్యులేటర్ పెట్టి చూశాను. వడ్డీ నెలకు 20 శాతం, అంటే మన భాషలో నూటికి ఇరవై రూపాయల వడ్డీ. అదీ చక్రవడ్డీ. 3 లక్షలు మొదటి నెలకు 3.6 లక్షలు, రెండో నెలకు 4.32 లక్షలు. ఏడాది తిరిగేసరికి దాదాపు తొమ్మిది రెట్లు. 14 నెలలకు సరిగ్గా 38 లక్షల 51 వేల చిల్లర వస్తుంది.

అది చట్టబద్ధం కాదు. 1996 నాటికి జపాన్‌లో వడ్డీవ్యాపారులు ఏడాదికి సుమారు 40 శాతం దాటితే నేరం. ఆ పరిమితి 2000లో 29.2కి, 2010లో 20కి దిగింది. కథలో తేయ్‌ఐ ఏడాది పరిమితిలో సగాన్ని ఒక్క నెలలో లాగుతోంది. యెన్‌ను సుమారు అర రూపాయి అనుకుంటే మొత్తాలు ఊహించుకోవడం తేలిక.

రాయి-కాగితం-కత్తెరలో వ్యూహం ఏముంది? అదృష్టమే కదా?

మామూలు ఆటలో అదృష్టమే. ఎస్పోయిర్ అనే ఓడలో మాత్రం చేతులతో కాదు, కార్డులతో ఆడతారు. ఒక్కొక్కరికి పన్నెండు కార్డులు: నాలుగు రాళ్లు, నాలుగు కాగితాలు, నాలుగు కత్తెరలు. ఒక్కొక్కరికి మూడు నక్షత్రాలు, అవే పందెం. నాలుగు గంటల గడువు. బయటపడాలంటే చివరికి కనీసం మూడు నక్షత్రాలుండాలి, చేతిలో ఒక్క కార్డు కూడా మిగలకూడదు. కార్డులు పారేయడం నిషేధం.

ఇక్కడ అసలు కిటుకు: హాల్లో ఇంకా ఎన్ని రాళ్లు, ఎన్ని కాగితాలు, ఎన్ని కత్తెరలు మిగిలాయో బోర్డు మీద అందరికీ కనిపిస్తుంటుంది. కార్డులు, నక్షత్రాలు కొనొచ్చు, అమ్మొచ్చు. ఆ క్షణం నుంచి ఇది ఆట కాదు, మార్కెట్ యార్డు. ఎవడైనా గుట్టుగా రాళ్లన్నీ కొని దాచేస్తే బోర్డు మీద లెక్క కనిపిస్తున్నా ఆటలో రాయి ఎదురుపడదు, మిగతావాళ్లు "ఎవరూ రాయి వేయట్లేదు, ఇక కత్తెరకు ఎదురులేదు" అనుకుని ధైర్యంగా కత్తెర వేస్తారు. అప్పుడు దాచిన రాయి బయటికి తీస్తే చాలు. సరుకు దాచి ధర ఆడించడం మన మిర్చి, ఉల్లి వ్యాపారంలో చూసిందే.

ఫునాయి కైజిని ఎలా మోసం చేశాడో అర్థం కాలేదు.

మొదటి ఆటలోనే జరిగే మలుపు ఇది, చదవనివాళ్లు దాటేయండి. ఓడలో కలిసిన తోటి ఆటగాడు ఫునాయి చెప్పిన ఉపాయం పైకి నిక్షేపంలా ఉంటుంది: ఇద్దరం ఒకే వరుసలో ఒకే కార్డు వేద్దాం, పన్నెండు ఆటలూ డ్రా అవుతాయి, కార్డులు అయిపోతాయి, నక్షత్రాలు మిగులుతాయి. నిజంగా అలా జరిగితే ఇద్దరూ బయటపడతారు. కానీ కొన్ని డ్రాలయ్యాక ఫునాయి అనుకున్న కార్డు కాకుండా దాన్ని కొట్టే కార్డు వేస్తాడు. ఒకసారి పొరపాటున అన్నట్టు, మళ్లీ ఒకసారి. రెండు నక్షత్రాలు పోతాయి. ఒప్పందాన్ని కాపాడే మూడో మనిషి ఎవరూ లేరు, అదే కైజి చూడని లొసుగు. ఇద్దరికీ లాభమున్న ఒప్పందంలో కూడా, మాట తప్పినవాడికి ఇంకాస్త ఎక్కువ లాభముంటే ఆ ఒప్పందం నిలబడదు.

ఓడలో అప్పు ఎక్కువ తీసుకోవడం మంచిదా, తక్కువా?

ఎక్కేటప్పుడు 10 లక్షల నుంచి కోటి యెన్ల దాకా తప్పనిసరిగా తీసుకోవాలి. పది నిమిషాలకు 1.5 శాతం చక్రవడ్డీ. వినడానికి చిన్నదే. నాలుగు గంటల్లో పది నిమిషాలు 24 సార్లు వస్తాయి, కాబట్టి 10 లక్షలు సుమారు 14.3 లక్షలవుతాయి. ఎక్కువ తీసుకుంటే నక్షత్రాలు కొనే సత్తువ ఉంటుంది, వడ్డీ మెడకు చుట్టుకుంటుంది. తక్కువ తీసుకుంటే వడ్డీ తేలిక, కానీ కష్టంలో కొనుక్కోవడానికి చేతిలో ఏమీ ఉండదు. కోటి తీసుకుని కార్డు వేయకుండా కూర్చుంటే గెలిచినట్టా అని ఒకరు అడిగారు. కాదు, కార్డులు మిగిలితే ఓడినట్టే.

## హోటల్: మొదటి భాగం మలి సగం

ఉక్కు దూలం మీద నడవడం జూదం ఎలా అవుతుంది?

నడిచేవాడికి కాదు, చూసేవాడికి. రెండు భవనాల మధ్య సన్నని దూలం. దాని మీద అప్పులవాళ్లు వరసగా నడుస్తుంటే, కింద డబ్బున్నవాళ్లు గుర్రప్పందెంలోలా పందేలు కాస్తారు. ముందు చేరినవాడికి 2 కోట్ల యెన్లు, రెండోవాడికి కోటి. ముందున్నవాణ్ని తోస్తే తప్ప దారి లేదు. కైజి అక్కడ ఆటగాడు కాదు, ఆటవస్తువు. ఈ అధ్యాయాల్లో తెలివికి పెద్ద చోటు లేదు, అందుకే కొందరికి నచ్చవు. నాకు మాత్రం మొత్తం మాంగాలో నిద్రపట్టనివ్వనివి ఇవే.

ఈ-కార్డు ఆటలో బానిస వైపు గెలిచే అవకాశం ఎంత?

కళ్లు మూసుకుని ఆడితే ఐదింట ఒకటి. ఎలాగో చూద్దాం. ఒకరి దగ్గర ఒక చక్రవర్తి, నలుగురు పౌరులు. ఇంకొకరి దగ్గర ఒక బానిస, నలుగురు పౌరులు. చక్రవర్తి పౌరుణ్ని కొడతాడు, పౌరుడు బానిసను కొడతాడు, పోగొట్టుకోవడానికి ఏమీ లేని బానిస చక్రవర్తిని కొడతాడు. పౌరుడికి పౌరుడు డ్రా. కాబట్టి చక్రవర్తి, బానిస ఒకే విడతలో బయటికొస్తేనే బానిసకు గెలుపు. విడతలు ఐదు, అందుకే ఐదింట ఒకటి.

కథలో కైజి పందెంగా పెట్టేది చెవిలోకి దిగే సూదికి, కర్ణభేరికి మధ్య ఉన్న 30 మిల్లీమీటర్ల దూరం. చక్రవర్తి వైపు గెలిస్తే మిల్లీమీటరుకు లక్ష యెన్లు, బానిస వైపు గెలిస్తే ఐదు లక్షలు. నాలుగుసార్లు ఓడి ఒకసారి గెలిచేవాడికి ఐదు రెట్లు ఇస్తున్నారంటే కాగితం మీద బానిస వైపే కాస్త లాభం. ఈ లెక్క వేసి నేను మురిసిపోయాను, తర్వాత గుర్తొచ్చింది: డబ్బు మళ్లీ వస్తుంది, చెవి రాదు. ఆ లెక్కలో రెండు వైపులా ఒకే నాణెం లేదు.

టోనెగావా కైజి మనసు ఎలా చదువుతున్నాడు?

కథ తెలిసిపోతుంది, జాగ్రత్త. టోనెగావా అంటే ఈ-కార్డులో కైజికి ఎదురుగా కూర్చున్న తేయ్‌ఐ పెద్ద ఉద్యోగి. మొదట అది అనుభవం అనిపిస్తుంది: కార్డు చూసుకున్నప్పుడు కళ్లు, వేసేముందు ఆగే క్షణం. అవన్నీ కొంత నిజమే. కానీ అసలు సంగతి కైజి చెవికి తగిలించిన పరికరంలో ఉంది. అది సూదిని నడపడమే కాక, నాడి వేగాన్నీ ఒంటి వేడినీ టోనెగావా చేతి గడియారానికి పంపుతోంది. మానసిక యుద్ధం అనుకున్నది సగం దొంగ స్కానింగ్.

దాన్ని కైజి పట్టుకున్న తీరు చూడండి. మోసం చేస్తున్నావని అరవడు. అవతలివాడు ఆ గడియారాన్నే నమ్ముతున్నాడు కాబట్టి, అదే గడియారం చేత అబద్ధం చెప్పించాలని చూస్తాడు. అందుకు తన చెవినే ధరగా కడతాడు.

ఇంత తెలివైనవాడు మళ్లీ మళ్లీ అప్పుల్లోకి ఎలా వస్తాడు?

ఇది రచనలో లోపం కాదు, కైజి స్వభావమే అది. గొంతుమీదికి కత్తి వచ్చినప్పుడే అతని బుర్ర పనిచేస్తుంది. మామూలు రోజుల్లో బద్ధకస్తుడు, పక్కవాణ్ని ఇట్టే నమ్మేస్తాడు, గెలిచిన డబ్బు నిలవదు. పైగా కష్టంలో ఉన్నవాణ్ని చూస్తే ఆగలేడు. పక్కనున్నవాడు ద్రోహం చేశాడని ఏడ్చి, మర్నాడు ఇంకొకణ్ని నమ్ముతాడు. మా గ్రూపులో సగం మంది దీన్ని మంచితనం అంటారు, సగం మంది మొద్దుతనం అంటారు. నేను వారానికోసారి పార్టీ మారుతుంటాను.

## భూగర్భం: రెండో భాగం

పెరికా అంటే ఏంటి? ఆ లెక్క ఎలా?

తేయ్‌ఐ భూగర్భ శిబిరంలో అప్పులవాళ్ల చేత తవ్వకం పని చేయిస్తుంది. కూలి అసలు డబ్బులో కాదు, పెరికా అనే సొంత నోట్లలో ఇస్తుంది. పది పెరికాలు ఒక యెన్. రోజు కూలి 3,500 పెరికాలు, అంటే 350 యెన్లు. నెలకు చేతికొచ్చేది 91,000. ఒకరోజు బయటికెళ్లి రావడానికి 5 లక్షల పెరికాలు. పైసా ఖర్చు పెట్టకపోతే ఐదున్నర నెలల్లో ఒకరోజు ఆకాశం చూడొచ్చు.

ఆ "పైసా ఖర్చు పెట్టకపోతే" దగ్గరే ఉచ్చు. మొదటి జీతం రోజు మేస్త్రి ఓత్సుకి చల్లటి బీరు డబ్బా ఒకటి కైజికి ఊరికే ఇస్తాడు. 135 మిల్లీలీటర్ల బుల్లి డబ్బా, ధర 5,000 పెరికాలు, దాదాపు ఒకటిన్నర రోజుల కూలి. కైజి గుక్క మింగి ఏడుస్తాడు. ఆ తర్వాత నంజుకోవడానికి ఏదో ఒకటి, రేపటికి ఇంకో డబ్బా. పొదుపు తీర్మానం నాలుగు రోజులు కూడా నిలబడదు. ఆ కొట్టు కూడా మేస్త్రిదే. తోటల్లో, గనుల్లో యజమాని కొట్టులోనే చెల్లే టోకెన్లతో కూలి ఇచ్చిన పద్ధతి చరిత్రలో చాలా దేశాల్లో ఉంది, ఫుకుమోతో దాన్ని నేల కింద పెట్టాడు.

456 పాచికల మోసం వివరంగా చెప్పరా?

ఈ జవాబులో మోసం బయటపడుతుంది. ఆట పేరు చించిరోరిన్: గిన్నెలో మూడు పాచికలు వేస్తారు. రెండు ఒకే అంకె పడితే మూడోది మీ పాయింటు. మూడూ ఒకటే పడితే మూడు రెట్లు, 4-5-6 పడితే రెండు రెట్లు, 1-2-3 పడితే రెండు రెట్లు మీరే కట్టాలి. మూడూ ఒకట్లు పడితే ఐదు రెట్లు.

ఓత్సుకి అవసరానికి తీసే పాచికల మీద 4, 5, 6 మాత్రమే ఉంటాయి, ఒక్కోటి రెండేసి ముఖాల మీద, ఎదురెదురుగా. ఏ పాచికనైనా చేతిలో పట్టుకుని చూడండి, ఒక్క చూపులో మూడు ముఖాలకు మించి కనిపించవు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇక లెక్క: మూడు పాచికలు, 27 రకాల పాట్లు. అందులో ఆరు 4-5-6, మూడు త్రికాలు, మిగతా 18 పాయింట్లు, తక్కువలో తక్కువ నాలుగు. ఖాళీ పాటు పడనే పడదు. మామూలు పాచికలతో 4-5-6 పడేది 36 సార్లలో ఒకసారి, వీటితో తొమ్మిది సార్లలో రెండుసార్లు.

శకుని పాచికల కథ వింటూ పెరిగిన మనకు మాయాజూదం కొత్త కాదు. తేడా ఏంటంటే, ఇక్కడ ధర్మరాజు స్థానంలో ఉన్నవాడు సభలో తలవంచుకుని కూర్చోడు. పాచికలను గమనిస్తూ, తోటి బాకీదార్ల చేత కూడబెట్టించి, మేస్త్రి తనకోసం పెట్టుకున్న నియమంతోనే తిరిగి కొడతాడు. ఎలాగన్నది చెప్పను.

పచింకో జపాన్‌లో చట్టబద్ధమేనా? ఒక్క గోలీ 4,000 యెన్లా?

పచింకో అంటే నిలువు యంత్రంలోకి చిన్న ఉక్కు గోలీలు కొట్టే ఆట. జూదం జపాన్ శిక్షాస్మృతి ప్రకారం నేరం. పచింకో మాత్రం వినోదం కింద చెల్లుతుంది: హాల్లో డబ్బు ఇవ్వరు, బహుమతి వస్తువు ఇస్తారు, దాన్ని బయట వేరే కిటికీలో అమ్ముకుంటే డబ్బొస్తుంది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మామూలు గోలీ 4 యెన్లు. కథలో "ఊబి" అనే యంత్రం ఉన్నది చీకటి కాసినోలో, అక్కడ వెయ్యి రెట్లు.

## ఆ తర్వాత

మూడో భాగంలో మాజాంగ్ అట. రాకపోతే దాటేయొచ్చా?

దాటేయకండి, కానీ ముందు ఒక గంట మాజాంగ్ అనే పలకల ఆట మూలసూత్రాలు చూడండి. మన రమ్మీ ఆడేవాళ్లకు తొందరగా పట్టుబడుతుంది, వరసలు, మూడేసి జతలు కట్టడమే. ఇందులోది ఇద్దరే ఆడే ప్రత్యేక రకం. నిజాయితీగా చెప్పాలంటే సాగదీత ఎక్కువ, ఒక పలక వేయడానికి ఒక అధ్యాయం. ఫుకుమోతోకు అది పాత అలవాటే. ఆయన ఇంకో మాంగా అకాగిలో ఒక్క రాత్రి మాజాంగ్ పోరు పత్రికలో దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది.

టోనెగావా, మేస్త్రి ఓత్సుకి హీరోలుగా వేరే మాంగాలున్నాయట, నిజమేనా?

నిజమే, రెండూ కామెడీలు. టోనెగావా మీద వచ్చినదాంట్లో అతను పైన ఛైర్మన్‌కి, కింద ఉద్యోగులకి మధ్య నలిగే మధ్యస్థాయి మేనేజరు. ఆఫీసు మీటింగులతో విసిగినవాళ్లకు బాగా ఎక్కుతుంది, 2018లో అనిమే కూడా వచ్చింది. మేస్త్రి కథంతా ఒకరోజు సెలవులో ఏం తినాలన్న గోల. అసలు కథ చదివాకే చదవండి, లేకపోతే జోకులు పేలవు.

స్క్విడ్ గేమ్ దీని కాపీనా?

కాపీ అనడం అన్యాయం. అప్పుల్లో ఉన్నప్పుడు ఇలాంటి జపనీస్ మాంగాలు చదివానని, ఆ ఆలోచన 2008 ప్రాంతంలో పుట్టిందని ఆ సిరీస్ దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యుక్ చెప్పాడు. బాకీదార్లు, పిల్లల ఆట, చూసి ఆనందించే ధనవంతులు, ఈ మూడూ రెండింట్లో ఉన్నాయి. కానీ అక్కడ ఆట తేలిక, చావు పెద్దది. ఇక్కడ ఒక్క కార్డు తిప్పడానికి నలభై పేజీల ఆలోచన.

సినిమాలు చూడదగ్గవేనా?

జపాన్‌లో ఫుజివారా తత్సుయా హీరోగా 2009, 2011, 2020లలో మూడొచ్చాయి. మొదటిది ఓడ, దూలం, ఈ-కార్డు అన్నీ రెండు గంటల్లో కుక్కింది, అయినా కగావా తెరుయుకి టోనెగావా వేషం కోసం చూడొచ్చు. 2018లో చైనా వాళ్లు ఓడ ఆటను పెద్ద ఖర్చుతో తీశారు, అందులో మైకేల్ డగ్లస్ ఉన్నాడు.

చివరికి కథ ఎక్కడ ఉంది?

ఆరో భాగంలో ఆటే లేదు. కైజి, ఇద్దరు స్నేహితులు 240 కోట్ల యెన్ల నోట్లు మోసుకుంటూ తేయ్‌ఐ మనుషుల నుంచి పారిపోతుంటారు. అంత డబ్బు ఎక్కడ దాచాలి, బ్యాంకులో ఎలా వేయాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఇదే గొడవ. కైజి చివరికి గెలుస్తాడా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: చేతిలో అంత డబ్బున్నా ఈ భాగంలో అతను హాయిగా ఒక రాత్రి నిద్రపోయే చోటు కోసం వెతుకుతున్నాడు.